మద్దిలేటి అన్న నాకు చూపించాలనుకున్నది

నిన్న పొద్దున వాట్సాప్ స్టేటస్‌లో మద్దిలేటి అన్న ఫోటో కనిపించింది. ఎప్పుడూ డబ్బాల ఫోటోలే కదా పెట్టేది, ఈరోజేంటి తన ఫోటో పెట్టుకున్నాడు అనుకున్నాను.

కింద వాళ్ళబ్బాయి రాసింది చదివాను. మళ్ళీ చదివాను.

నిద్రలోనే హార్ట్ ఎటాక్ అంట.

తెలియనివాళ్ళకు చెప్తాను. నంద్యాలలో అన్నకు చిన్న రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒకే ఒక్క కటింగ్ అండ్ క్రీజింగ్ మిషన్. అట్ట పెడితే ఒక్క నొక్కుతో డబ్బా ఆకారానికి కోసి, మడతలు పడాల్సిన చోట గీతలు వేస్తుంది. పొద్దున పెళ్లి కార్డులు, మధ్యాహ్నం స్వీట్ బాక్సులు, సాయంత్రం విత్తనాల కంపెనీకి డబ్బాలు. చెక్కలో బ్లేడ్లు బిగించిన డై ఒకటి మారిస్తే చాలు, అదే మిషన్ ఇంకో పనిలోకి దిగేది.

"దీనికి రాని పని ల్యాదప్పా, మనకే రావాల" అనేవాడు.

నేను ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుకునేవాణ్ణి. చిన్న విగ్రహాలు కొరియర్‌లో పంపితే చేరేసరికి ముక్కో వేలో విరిగేది. ముక్కు లేని దేవుణ్ణి ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు? ఫోటో తీసి, తిట్టి, వెనక్కి పంపేవాళ్ళు. ఉలి పక్కన పెట్టి ఆటో తోలుకుందాం అనుకుంటున్న రోజుల్లో ఎవరో అన్న పేరు చెప్పారు.

అన్న ఎత్తు అడిగాడు, చెప్పాను. మూడు వందల డబ్బాలకు అట్టలు కోసి పెట్టాడు. తీరా ఒకటి మడిచి విగ్రహం పెడితే మూత పడలేదు.

తప్పు నాదే. మా లెక్కలో విగ్రహం ఎత్తంటే పాదాల నుంచి తల దాకానే. పీఠం లెక్కలోకి రాదు. అలవాటు కొద్దీ అదే చెప్పాను.

అన్న కాసేపు విగ్రహాన్ని, కాసేపు నన్ను చూశాడు.

"సామి గాల్లో నిలబడతాడనుకుంటివా అప్పా?"

నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, అన్న చిన్న డై బిగించి, ఇంకా అతికించని ఆ అట్టలనే మళ్ళీ మిషన్‌లో పెట్టాడు. సాయంత్రానికి అవి గాజుల డబ్బాలై నందికొట్కూరు షాపుకు వెళ్ళిపోయాయి. తర్వాత పీఠంతో సహా తనే కొలిచి నాకు కొత్తవి కోశాడు. లోపల మెడ, చేతులు కదలకుండా పట్టుకునే అట్ట కూడా పెట్టాడు.

అప్పట్నుంచి ఒక్క విగ్రహం విరగలేదు. ఈరోజు మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ డబ్బాల పుణ్యమే.

అలాంటి మనిషి పోయిన వారం ఫోన్ చేశాడు.

"ఒకసారి నంద్యాలకు రాప్పా. నీకొకటి చూపియ్యాల. ఫోన్లో చెప్తే తెలీదు."

ఆర్డర్ ఉందన్నా, సోమవారం వస్తా అన్నాను. వెళ్ళలేదు. రెండోసారి చేస్తే, రాతి దుమ్ములో ఉన్నానన్నా, మళ్ళీ చేస్తా అని పెట్టేశాను. చెయ్యలేదు.

బస్సులు లేవా? గంటకు నాలుగున్నాయి. నాకే ఒళ్ళు బరువు.

నిన్న వెళ్ళాను. మట్టి చేసి వచ్చాక వాళ్ళబ్బాయి షెడ్డు తాళం తీశాడు. గోడ నిండా డైలు. ఒక్కదాని మీదా పేరు లేదు, అన్నీ అన్నకే తెలుసు. బల్ల మీద నాలుగు కొత్తవి. నాకు చూపించాలనుకున్నది వీటిలోదేనా అని అబ్బాయిని అడిగాను. తెలియదన్నాడు. వదినను అడిగాను.

"నీ పేరు చెప్పి రెండు దినాలు నవ్వుకుంటా ఉండె. ఏందో నాకూ చెప్పల్యాదప్పా" అని ఏడ్చింది.

నాలుగూ తిప్పి తిప్పి చూశాను. ఒక్కటీ అర్థం కాలేదు.

అబ్బాయికి మిషన్ నడపడం రాదు. పాత ఇనుముకు ఇచ్చేస్తాం అన్నాడు. వద్దని నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. పిలిచినప్పుడు వెళ్ళనివాడికి ఇప్పుడు ఆ మాట అనే హక్కు ఎక్కడిది?

అన్నా, నువ్వు రమ్మన్నావు. నేను రాలేదు. నువ్వు నాకోసం ఏం చేశావో ఇక నాకు ఎప్పటికీ తెలియదు.

నొప్పి లేని చోట చల్లగా ఉండు అన్నా.