తెలియని తేదీ

బిల్హా వెళ్లే లోకల్ రైలు ఎక్కి డ్యూటీకి బయల్దేరిన రైల్వే ట్రాక్‌మ్యాన్ సూర్యం పనిచోటికి చేరలేదు, ఇంటికీ తిరిగి రాలేదు. ఏడాది దాటినా ఏ కబురూ లేదు. ఉద్యోగం వెతుక్కోక తప్పదని ఆయన కూతురు ప్రసూన సదర్ బజార్‌లో కంప్యూటర్ క్లాసులో చేరింది. అక్కడ ఎస్‌క్యూఎల్ నేర్పుతారు. పట్టికల్లో దాచిన వివరాలను ప్రశ్నలు వేసి రాబట్టే భాష అది.

ఒకరోజు వేణుగోపాల్ మాస్టారు ఎవరి కుటుంబ వివరాలతో వాళ్లను పట్టిక చేయమన్నారు. పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ. తాత వివరాలు నింపిన ప్రసూన చేయి నాన్న దగ్గర ఆగిపోయింది.

"సార్, మా నాన్న ఉన్నారో లేరో మాలూమ్ నహీ, తెలీదు," అంది మెల్లగా.

మాస్టారు దగ్గరికొచ్చి తెర చూశారు. "ఖాళీగా వదిలెయ్యమ్మా. దాన్ని నల్ అంటారు. సున్నా కాదు, తెలియదని. బతికున్నవాళ్లకీ ఆ గడి అంతే."

చనిపోయిన తేదీ నల్‌కు సమానమైన పేర్లు చూపమని రాసింది ప్రసూన. ఒక్కటీ రాలేదు.

"తెలియనిదాన్ని దేనితోనూ సమానం అనలేం. 'ఈజ్ నల్', అంటే ఖాళీయేనా అని అడుగు," అన్నారు మాస్టారు.

అలా అడిగితే అమ్మ పేరూ, తన పేరూ, వాటితోపాటే నాన్న పేరూ వచ్చాయి.

ఇక లేరనుకుని సూర్యానికి కర్మ చేసెయ్యమని ప్రసూన తల్లి అసిరమ్మను ఆమె బావగారు, సూర్యం అన్న, ఒత్తిడి చేస్తున్న రోజులవి. ఆ సాయంత్రం రైల్వే క్వార్టర్‌కు వచ్చి కూతురు ఇదంతా చెబితే ఆమె చాలాసేపు ఏడ్చింది.

"తెలీదని సెప్పుకోడానికీ ఓ మాటుందన్నమాట," అంది.

మర్నాడు మళ్లీ వచ్చిన బావగారికి గుమ్మంలోనే చెప్పేసింది: "ఆయన లేరని నాకెవులూ సెప్పలేదు బావా. తెలిసిన్నాడే కర్మ సేద్దుం."