కోచ్ మెడలో మిర్చి దండ

ఆ ఆదివారం పొద్దున లేచింది మొదలు నాకు కాలు ఒకచోట నిలవలేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మా ఆయన మాత్రం తీరిగ్గా గడ్డం గీసుకుంటూ ఈల వేస్తున్నాడు. ఆ ఈల వింటే నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం ఆయనకు బెస్ట్ కోచ్ కప్పు ఇవ్వబోతున్నారు. ఆ టీమ్‌ను సీజన్ అంతా నడిపింది నేను.

మా ఆయన, ఆయన దోస్తులు ప్రతి ఎండాకాలం ఫోన్‌లో ఒక క్రికెట్ లీగ్ పెట్టుకుంటారు. టీవీలో వచ్చే మ్యాచ్‌ల నుంచి ఆటగాళ్లను ఏరుకుని ఎవరి టీమ్ వాళ్లు కట్టుకోవాలి. మైదానంలో వాళ్లు ఆడినదాన్ని బట్టి ఇక్కడ వీళ్లకు పాయింట్లు. టీమ్ కట్టినవాడు కోచ్. పొట్టలూ షుగర్ గోలీలూ ఉన్న మగవాళ్లు ఒకరినొకరు కోచ్ సాబ్ అని పిలుచుకుంటుంటే నేను నవ్వేదాన్ని, నా చేతికి వచ్చేదాకా.

మా ఆయనది ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి దుకాణం, రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెడతాడు. ఆట నడిచే రోజుల్లోనే సరుకు బస్తాలకు బస్తాలు వచ్చి పడుతుంది. ఈసారి మొదట్లోనే ఫోన్ నా చేతిలో పెట్టి, "నాకు తీరుతలేదే, ఎవలనో ఒగలను పెట్టు" అన్నాడు. ఎవరినో ఒకరిని పెట్టే మనిషిని కాదు నేను. వంట అయ్యాక పాత మ్యాచ్‌లు చూశాను. ఏ పిచ్ మీద బంతి ఆగి వస్తుందో, ఎవడు మోకాలి నొప్పి దాచుకుని పరుగెడుతున్నాడో కనిపెట్టాను. ఎవరూ ముట్టని ఒక ఎడమచేతి స్పిన్నర్‌ను కెప్టెన్ చేసినరోజు మా ఆయన దుకాణం నుంచి ఫోన్ చేసి మరీ తిట్టాడు. ఆరోజే మా టీమ్ పైకెక్కింది, మళ్లీ దిగలేదు. దోస్తుల పొగడ్తలన్నీ మూటగట్టుకుని ఆయన మీసం మెలేస్తూ ఇంటికొచ్చేవాడు.

చిక్కేమిటంటే, వాళ్లకొక రూల్ ఉంది. టీమ్ ఇంకొకరి చేత కట్టిస్తే కప్పు పోతుంది, అందరి ముందూ మెడలో మిర్చి దండ పడుతుంది. ఇదివరకు ఒకాయన అల్లుడితో టీమ్ కట్టించుకుని దొరికిపోయి వేసుకున్నాడు. అంటే, నిజం చెబితే కప్పు రాదు. చెప్పకపోతే అది మా ఇంటి షోకేసులోకి వస్తుంది, నేను దాని మీద దుమ్ము దులుపుతూ బతకాలి. నాకు కప్పు కావాలి. కోచ్‌ను నేనేనని నలుగురికీ తెలియాలి. రెండూ ఒకేసారి కుదిరేలా లేవు.

గెలిచిన కోచ్‌ను నిలబెట్టి ప్రశ్నలు అడగడం వాళ్ల ఆనవాయితీ. అందుకని మట్టెవాడలోని మా ఇంటి నుంచి బండి మీద పోతూ ఆయనకు పాఠం చెప్పాను.

"స్పిన్నర్‌ను ఎందుకు పెట్టినవ్ అంటే ఏమంటవ్?"

"పిచ్ మెల్లగుండె అంట."

"మల్ల తర్వాతి మ్యాచ్‌ల ఎందుకు తీసేసినవ్?"

"గదంత ఎవలడుగుతరే? ఫికర్ చెయ్యకు."

ఆయన ఫికర్ చేయడు. నా ఫికరంతా అదే.

మార్కెట్‌కు సెలవు కాబట్టి మా దుకాణంలోనే బస్తాలు పక్కకు జరిపి కుర్చీలు వేశారు. ఏటా ఆడవాళ్లం వెనక కూర్చుంటాం. చివర్లో కోచ్‌ల ఫోటో తీసే పని నాది. ఆ ఫోటోలో కోచ్‌లు తప్ప ఇంకెవరూ ఉండరు. లీగ్ పెద్ద, రిటైరైన లెక్కల సార్, ముందు చిన్న అవార్డులు పంచాడు. గాయపడ్డ ఆటగాణ్ణి చివరిదాకా వదలని కోచ్‌కు నొప్పుల మందు డబ్బా. టీమ్ మార్చకుండా నిద్రపోయిన కోచ్‌కు అలారం గడియారం. అందరూ పడిపడి నవ్వుతున్నారు. నేను కొంగు మెలిపెడుతూ లేస్తున్నాను, కూర్చుంటున్నాను.

మా ఆయన వంతు వచ్చింది. పిచ్ సంగతి బాగానే అప్పజెప్పాడు. సార్ వదల్లేదు.

"మరి తర్వాతి మ్యాచ్‌లనే ఆయన్ను తీసేసినవ్. గదెందుకు?"

మా ఆయన నెత్తి గోక్కున్నాడు. "పిలగానికి పాణం బాగలేకుండె సార్."

"నాకైతే గా ముచ్చట ఎక్కడ కనవడలే" అన్నాడు బట్టల దుకాణం ఆయన. పాయింట్లలో రెండోవాడు.

నేను అంత ఆలోచించి చేసిన పనిని పాణం బాగలేదని ఒక్క ముక్కలో పారేశాడు! ఇక ఆగలేకపోయాను.

"మంచిగనే ఉండె సార్. అవతలి టీమ్‌ల అందరు ఎడమచేతి బ్యాట్స్‌మన్లే. బంతి వాళ్ల లోపలికే తిరుగుతది, బాది పారేస్తరు. గందుకే తీసిన. మొదటి సంది టీమ్ కట్టింది నేనే."

మా ఆయన మొహం మాడిపోయింది. కప్పు బట్టల దుకాణం ఆయనకు ఇచ్చారు. అది నా ముందు నుంచే పోతుంటే నాకు ఏడుపొచ్చింది.

సార్ దండ అందుకున్నాడు. "రూల్ రూలే బిడ్డా." ఏటా చపాటా మిర్చి గుచ్చుతారు, దానికి రంగే తప్ప కారం ఉండదు. ఈసారి ఎవరు దొరుకుతారో చూద్దామని మా ఆయనే సరదాపడి, ముక్కు పగిలే తేజ రకం గుచ్చి తెచ్చాడు. ఇప్పుడు ఆయనే తల వంచాడు.

"జర ఆగున్రి సార్. గా దండ ఎవలకు ఏస్తరు?" అన్నాను.

"తప్పు చేసిన కోచ్‌కమ్మా."

"మరి కోచ్ ఎవలు?"

సార్ చెయ్యి ఆగింది. మా ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు. "లెక్క కరెక్టే" అని నా దగ్గరికి వచ్చి దండ నా మెడలో వేశాడు.

ఫోటోకు అందరూ వరుసగా నిలబడ్డారు. అలవాటు కొద్దీ నేను ఫోన్ కోసం చెయ్యి చాపాను. "నువ్వు గిటు రా, కోచ్" అన్నాడు సార్. అప్పటికే వరుస మధ్యలో నిలబడి ఉన్న మా ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, మెల్లగా బయటికి వచ్చి ఫోన్ అందుకున్నాడు.

"కదలకు" అన్నాడు.

కారం ఘాటుకు ముక్కూ కళ్లూ కారిపోతున్నాయి. నేను కదల్లేదు.