బేగం మోకాలికి ఎర్ర దీపం

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద గట్టి నమ్మకం ఉండేది: నా డిగ్రీ మీద, మా పెద్ద డాక్టరుగారు కొన్న లేజర్ పెట్టె మీద. (ఇప్పుడు రెండింటి మీదా కాస్త గౌరవం మాత్రం మిగిలింది.) సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న కాలం. తెనాలిలో ఆయన దగ్గర పశువైద్యుడిగా కొత్తగా చేరాను. వాచిన కీలు మీద, ఆ పెట్టెకు తీగతో వేలాడే పెన్నులాంటిదాన్ని ఆనించి ఎర్రటి వెలుగు పట్టిస్తే నొప్పి తగ్గుతుందని ఆయన నన్ను రేపల్లె దాకా, బాపట్ల దాకా తిప్పేవారు. పెట్టె ఒళ్లో పెట్టుకుని రైలు కిటికీ పక్కన కూర్చుంటే, లోకంలో కుంటుతున్న జంతువులన్నీ నా కోసమే ఎదురుచూస్తున్నాయనిపించేది. అంత నమ్మకం మళ్లీ ఒక్క పూటకైనా దొరికితే బాగుండును.

బాపట్లలో జట్కా చాచా అని ఒకాయన ఉండేవాడు. ఊళ్లో మిగిలిన ఆఖరి జట్కా ఆయనదే. ఆయన ఆడగుర్రాన్ని అందరూ బేగం అనేవారు. ముందుకాలి మోకాలు వాచి, స్టేషను దగ్గర స్టాండుకి వెళ్లడం మానేసిన దగ్గర్నుంచి అది గడ్డి సరిగ్గా ముట్టడం లేదు. ఎవరికైనా ఇచ్చెయ్యమని కొడుకుల పోరు. “నీ దీపం పనిచేస్తే ఇది నా దగ్గరుంటది, లేకపోతే పోద్ది బాబూ” అన్నాడు చాచా, దాని మెడ నిమురుతూ.

లేజర్ కళ్లకు తగలకుండా నేను నల్లద్దాలు పెట్టుకుని హుందాగా కింద కూర్చున్నాను. బేగం మాత్రం క్షణం నిలబడదు. “బండి కట్టాల బాబూ. బండి కడితే బేరం కోసం ఎంతసేపైనా నిలబడిద్ది” అన్నాడు చాచా. సరేనన్నాను. బండి కట్టాం, పెట్టె బండిలో పెట్టాం, దాన్ని పట్టుకోవడానికి చాచా భార్య, చాచీ, ఎక్కి కూర్చుంది. “ఆ దీపమేదో నా మోకాలికి కూడా పెట్టు బాబూ” అంది. ఇది పశువులకండి అన్నాను. “ఈ ఇంటి బండి లాగేది నేను కాదా ఏంటి?” అంది చాచీ.

నేను పెన్ను తీసి బేగం మోకాలికి ఆనించబోతుండగానే తెనాలి ప్యాసింజరు కూత వినిపించింది. బేగం చెవులు నిక్కించి, కుంటుకుంటూనే స్టేషనుకు బయలుదేరింది! పెట్టె బండిలో, పెన్ను నా చేతిలో. వదిలితే తీగ తెగుతుందని నల్లద్దాలతోనే పక్కన పరుగు తీశాను. వెనకాల చాచా. “ఏంటి డాక్టరుగారూ, గుర్రానికి సెలైన్ ఎక్కిస్తన్నారా?” అని కిళ్లీ కొట్టు దగ్గర ఎవరో అరిచారు.

స్టాండులో ఆటోల మధ్య తన చోటులో ఆగింది బేగం. రైలు దిగినవాళ్లంతా ఆటోలెక్కి వెళ్లిపోయారు. చాచీ దిగింది. చాచా కళ్లెం పట్టి లాగినా గుర్రం కదల్లేదు, గేటు వైపే చూస్తోంది. “బేరం లేకుండా ఎప్పుడూ ఇంటికి తిరగలేదు బాబూ. జట్కా ఎక్కేవాళ్లు లేరని దీనికెవరు చెప్తారు?” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తెనాలికి నేను ఎక్కాల్సిన ఆ రైలు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. నేను జట్కా ఎక్కాను. చాచా కండువా సర్దుకుని, “ఎక్కడికండి?” అన్నాడు.

“మీ ఇంటికే. నిదానంగా పోనివ్వండి.”

బేగం తలెత్తి కదిలింది. వెనక రైలు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అది గడ్డి తింది. తర్వాత కొన్నిసార్లు వెళ్లి దీపం పట్టించాను, వాపు కూడా తగ్గింది. దీపం వల్లో, విశ్రాంతి వల్లో నాకిప్పటికీ తెలియదు. అది మాత్రం చివరిదాకా చాచా దగ్గరే ఉంది.

ఇప్పుడు నా సొంత ఆసుపత్రిలో లేజర్ కింద కుక్కలు బుద్ధిగా పడుకుంటాయి. చాచా లేడు, బేగం లేదు. పనిమీద బాపట్లలో దిగినప్పుడల్లా ఆటోవాళ్లు “ఎక్కడికి సార్?” అని చుట్టుముడతారు. కళ్లముందున్న రైలు వదిలేసి జట్కాలో దొరలా కూర్చున్న అప్పటి ఆ కుర్ర డాక్టరు మీద బెంగ పుడుతుంది. నాలో నేను నవ్వుకుని, నడిచే ఊళ్లోకి వెళతాను.