ఆ రోజు తాగని టీ

ద్వారకా నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో జనరల్ నాలెడ్జి చెప్పడం నా వృత్తి. ఏ నది ఎక్కడ పుట్టిందో, ఏ దేశానికి రాజధాని ఏదో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. "ఇది అందరికీ తెలిసిందే కదా, దీనికి కూడా తప్పు రాస్తే ఎలా?" అని పిల్లల మీద విసుక్కుంటాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుంది.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి మల్కాపురంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పక్క వాటాలో ఒక క్రైస్తవ కుటుంబం. వాళ్ళబ్బాయిదీ నాదీ ఒకే ఈడు. వాళ్ళమ్మను నేను పిన్నీ అనేవాణ్ణి. ఆవిడ నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఒరే గోదారోడా, నెత్తళ్ళ చేపలు వేపేను, రా" అనేది. వాళ్ళది తక్కువ కులమని మా నాయనమ్మ ఆ ఇంట మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. పిన్నికి ఆ సంగతి తెలుసు. నేను వాళ్ళబ్బాయి కంచంలోనే చెయ్యి పెట్టి తింటుంటే, గోడవతల నాయనమ్మకి వినపడేలా "ఇంకొంచెం ఎయ్యనేటి?" అని అడిగేది.

ముప్పై ఏళ్ళు అలా తిన్నాను. పోయిన వేసవిలో నా స్నేహితుడు గుండె ఆగి చనిపోయాడు.

ఆ ఇంట్లో చావు చూడడం నాకు అదే మొదలు. భూస్థాపన ముగించుకుని ఇంటికి తిరిగి వచ్చాం. అలా వచ్చినవాళ్ళకి వాళ్ళు టీ, టిఫిన్ పెడతారు. మా ఇళ్ళల్లో అయితే చావింట చుక్క నీళ్ళు ముట్టం. చెప్పకుండా లేచి వెళ్ళి తల మీద నీళ్ళు పోసుకోవాలి. పిన్ని, కొడుకుని మట్టిలో పెట్టిన మనిషి, టీ గ్లాసు పట్టుకుని వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది.

"పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు. తాగరా" అంది.

నేను ఒకడుగు వెనక్కి వేశాను. "ఇక్కడ ముట్టకూడదు పిన్నీ. ఇంటికెళ్ళి స్నానం చెయ్యాలి" అన్నాను. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "అలాగా" అంది. నేను వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా వచ్చేశాను. చావింట్లో అలా చెప్పకూడదు మరి.

ఆ తర్వాత వాడు లేని గుమ్మం చూడలేక, ఆవిడని ఒక్కసారి పలకరించిన పాపాన పోలేదు. నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళాను. ప్రార్థన అయ్యాక అందరూ భోజనాలకి కూర్చున్నారు. పిన్ని ఒక పేపరు కప్పులో టీ తెచ్చి నా చేతికిచ్చింది.

"కొట్టు కాడ తెప్పించేను బాబూ. మా ఇంట్లో కాసింది కాదు."

నాకు అర్థం కాలేదు. నా స్నేహితుడి చెల్లెల్ని పక్కకి పిలిచి అడిగాను. "ఆ రోజు నువ్వు టీ ఒగ్గేసి ఎల్లిపోనావు కదా. ఆ గ్లాసట్టుకుని అమ్మ అలాగే కూకుండిపోనాది. ఇన్నాళ్ళూ ఆడి కోసం తిన్నాడే, ఆడు పోగానే మానేసేడు అంది" అని చెప్పింది.

వంటింట్లోకి పరిగెత్తాను. "పిన్నీ, మా నాన్న సొంతూళ్ళో పోయినప్పుడు అక్కడికొచ్చినోళ్ళు కూడా ఏమీ ముట్టలేదు. అది మా పద్ధతి. నీ ఇల్లని కాదు" అన్నాను.

"ఔన్లే బాబూ" అంది. నమ్మలేదు. ఆ రోజే చెప్పి ఉంటే నమ్మేదేమో. అడ్డమైన రాజధానులూ బట్టీ పట్టిన వెధవని, ఈ ఒక్క ముక్క అప్పుడు చెప్పలేకపోయాను.

కంచం తీసుకుని నేనే అన్నం పెట్టుకున్నాను, పులుసు పోసుకున్నాను. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని కలిపాను. వాడూ నేనూ తిన్న కంచమే అది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఏడుపు తన్నుకొచ్చింది. ముద్ద గొంతు దిగడం లేదు.

పిన్ని అది చూసింది.

"నా కోసం కష్టపడి తినకు బాబూ" అని, నెమ్మదిగా నా ముందు నుంచి కంచం తీసేసింది.