తాళం లేని ఇంటికి ఏ మాట రాయాలి

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, దీపావళి వెళ్లిన వారం, భావనపాడు వైపు ఒక మత్స్యకార పల్లెలో ఇళ్ల గణనకు నన్ను వేశారు. అప్పుడు నేను రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని. పల్లె పేరు, ఆఫీసు పేరు రాయను. సముద్రం ముందు వరుస ఇళ్లను కోసుకుంటూ వస్తోంది. మిగిలిన కుటుంబాలకు రోడ్డు పక్కన కాలనీలో ఇళ్లు ఇవ్వాలంటే, ముందు ఏ ఇంట్లో ఎవరున్నారో తేలాలి.

నాపైన డిప్యూటీ తహసీల్దారు. వయసులో నా కొడుకంత, హోదాలో ఒక మెట్టు ఎక్కువ. విజయనగరంలో ఇంగ్లీషు మీడియం చదువు. నాది తెలుగు మీడియం. ఆ సంగతి ఆయన మొదటి రోజే, వలలు బాగుచేసుకుంటున్న వాళ్లందరి ముందూ చెప్పారు. సర్పంచి తెప్పించిన కుర్చీ ఒక్కటే. అందులో ఆయన కూర్చున్నారు. నేను నిలబడి రాశాను.

రిజిస్టరు పై ఆఫీసుకు వెళ్లేది కనుక ఇంగ్లీషులో నింపాలి. 'ఇంటి స్థితి' అనే గడిలో నాలుగు మాటల్లో ఒకటి రాయాలి. మనుషులు కాపురముంటే ఆక్యుపైడ్. తాళం వేసి ఊరెళ్తే లాక్డ్. ఆ ఇంటికి మళ్లీ వెళ్లి చూడాలి. ఎవరూ ఉండకపోయినా హక్కుదారు హక్కు వదులుకోకపోతే వేకెంట్. విచారణ చేసి కాలనీలో ఇల్లు ఇవ్వొచ్చు. ఇక మాకొద్దని విడిచిపోతే అబాండన్డ్. ఆ పేరు జాబితాలోంచి పోతుంది. చివరి రెండింటినీ మావాళ్లు చాలామంది ఒకే మాటగా వాడేవారు. ఖాళీ ఇల్లు ఖాళీ ఇల్లే కదా అనేవారు.

పేచీ అప్పన్న ఇంటి దగ్గర వచ్చింది. ఇక్కడి చాలామంది లాగే అప్పన్న కూడా గుజరాత్ వెళ్లి వేరావల్ బోట్ల మీద పనిచేసేవాడు. ముందటి ఏడు అతనెక్కిన బోటు తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. భార్య చిన్నమ్మి కబురు కోసం అక్కడికే వెళ్లి, రొయ్యల షెడ్డులో పనికి కుదిరి, రేవు విడవకుండా కాచుకొని ఉంది. ఇక్కడ ఇంట్లో మనుషుల్లేరు. తలుపుకు తాళమూ లేదు. గొళ్లేనికి వలతాడు ముక్క చుట్టి ఉంది, అంతే.

"తాళం కూడా వెయ్యలేదు. వదిలేసి పోయారు. అబాండన్డ్ రాయండి," అన్నారు సారు.

అలా రాస్తే చిన్నమ్మికి కాలనీలో ఇల్లు రాదు. ఆమె తిరిగొచ్చేసరికి ఈ ఇల్లూ సముద్రంలో ఉంటుంది. ఇది వేకెంట్ సార్ అన్నాను. రెండూ ఒకటే అన్నారు. కాదన్నాను. అప్పుడాయన జనం వైపు తిరిగి, "చూశారా మా డిక్షనరీ గారిని," అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

పక్కింటి పోలమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె అప్పన్నకు అక్క.

"తాళమేటి బాబూ? ఏటకెల్లినోడి ఇంటికి తాళం ఏత్తారేటి? ఆడొచ్చి తలుపు తొయ్యాల. తాళమేత్తే రావొద్దని సెప్పినట్టే."

అతను పోయి ఏడాదైంది కదమ్మా అన్నారు సారు.

"పోనాడని ఎవులు సెప్పినారు? నువ్వు సూసినావేటి?"

ఆ పల్లెలో పద్ధతి అది. వేటకు వెళ్లిన మగవాడు తిరిగొచ్చేదాకా, లేదా శవం ఒడ్డుకు చేరేదాకా, ఇంటికి తాళం పెట్టరు. ఇంటివాళ్లు లేకపోతే దగ్గరి బంధువులు రోజూ బోట్లు ఒడ్డెక్కే వేళకు తలుపు తీస్తారు. కుండలో నీళ్లు నింపి, ఇల్లు ఊడ్చి, గడప బయట నిలబడి అతన్ని పేరు పెట్టి పిలుస్తారు. హక్కు వదులుకోలేదనడానికి ఇది సాక్ష్యం. నేను ఆమె మాటలు రాసుకోసాగాను. సారు వాచీ చూసుకున్నారు. బోట్లు వచ్చే వేళ కావడంతో పోలమ్మ మా ఇద్దరినీ పట్టించుకోకుండా తాడు విప్పింది. కుండ నింపి మూత పెట్టి, పక్కన పొడి చెంబు బోర్లించింది. వెనక్కి నడుస్తూ గడపదాకా ఊడ్చి, బయటికొచ్చి నిలబడింది.

"ఒరే అప్పన్నా, ఒచ్చినావా?"

లోపల ఎవరో దగ్గారు.

ఎండ ఇంకా ఉంది. గాలి లేదు. దగ్గు తర్వాత కుండ మూత తీసిన చప్పుడు, చెంబు ముంచిన చప్పుడు, మూత మళ్లీ పెట్టిన చప్పుడు. సర్పంచి వెనక్కి జరిగాడు. లోపల చూడకుండా గడి నింపకూడదన్నది నియమం కనుక నేను లోపలికి వెళ్లాను. ఒకే గది, ఒకే తలుపు, కిటికీ లేదు. మనిషి లేడు. ఇసుక నేల మీద చీపురు గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. నేను తొక్కిన చోటే చెదిరాయి. మూత తీసి చూస్తే కుండలో నీళ్లు కదులుతున్నాయి. చెంబు అంచు తడిగా ఉంది.

ఎవరూ లేరని బయటికొచ్చి చెప్పాను.

"దగ్గు ఆడిదే," అంది పోలమ్మ. "బీడీలు మానరా అని ఎన్నిసార్లు సెప్పినా ఇన్నాడు కాడు."

సారు నా చేతిలోంచి రిజిస్టరు లాక్కుని, తన చేత్తోనే ఆక్యుపైడ్ అని రాశారు. ఉంటున్నవారి పేరు రాసే గడిలో అప్పన్న అని రాశారు. అక్షరాలు గీత దాటిపోయాయి.

సార్, అదీ తప్పే, మనిషి కనిపించాలి కదా, ఇది వేకెంటే అన్నాను.

"మీరు వినలేదా?"

విన్నానన్నాను.

"అయితే సంతకం పెట్టండి."

నా ఆక్షేపణ పక్కన రాసి సంతకం పెట్టాను. జీపు ఎక్కేదాకా ఆయన వెనక్కి తిరగలేదు. తర్వాత వారం నాకు మెమో వచ్చింది, పై అధికారితో వాదించానని. నాలుగు మాటల అర్థాలూ జతపరిచి సమాధానం పంపాను. దానికి జవాబు రాలేదు, ఇప్పటికీ. నా వీడ్కోలు సభలో ఆయన మళ్లీ 'మా డిక్షనరీ గారు' అనే మొదలుపెట్టి, పొందూరు పంచెల చాపు చేతిలో పెట్టారు. దాని మడత నేను విప్పలేదు.

చిన్నమ్మికి ఇల్లు వచ్చింది. నేను కోరిన ఫలితమే, కానీ నేను ఒప్పుకోని మాట మీద వచ్చింది. అది నాకు మింగుడు పడదు. ఆమె తిరిగొచ్చేనాటికి పాత ఇల్లు ఉన్న చోట అలలు వస్తున్నాయి. కాలనీలో కొత్త ఇల్లు అప్పగించింది నేనే. ఆమె తాళంకప్ప, తాళంచెవి రెండూ తిరిగి నా చేతిలో పెట్టింది. "ఇయ్యి మాకెందుకు బాబూ," అంది.

వేకెంట్ అనేది ఇంటి సంగతి చెప్పే మాట. అబాండన్డ్ అనేది విడిచిన మనిషి మనసు సంగతి చెప్పే మాట. అది రాయాలంటే ఆ మనిషిని అడగాలి. ఆక్యుపైడ్ రాయాలంటే మనిషిని చూడాలి. మేము అప్పన్నను అడగలేదు, చూడలేదు. విన్నాం. విన్నదానికి ఆ రిజిస్టరులో మాట లేదు. ఉన్న నాలుగింటిలో వేకెంటే సరైనదని ఇప్పటికీ నా అభిప్రాయం.