నోటు మీది మెలిక

మా అత్తగారు ముందు వాకిట్లో ముగ్గు వేసే అధికారం ఎనిమిదేళ్లపాటు నాకు ఇవ్వలేదు. నాకు దక్కింది పెరటి గుమ్మం. అక్కడ నా ముగ్గు చూసేది పిల్లులే. బాపట్లలో మా పుట్టింట్లో చుక్కలు కలిపే ముగ్గులే గానీ, చుక్కల చుట్టూ గీత తెగకుండా తిరిగే మెలికల ముగ్గులు వేసేవాళ్లు కాదు. పెళ్లైన వారానికే ఆ సంగతి తెనాలిలో మా వీధి వీధంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పారో నేను చెప్పను.

కిందటేడు ఆవిడ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నెల రోజులు వంగకూడదని డాక్టరు గట్టిగా చెప్పడంతో ముందు వాకిలి నా చేతికొచ్చింది. భయం వేసింది, సంతోషమూ వేసింది. నిజం చెప్పొద్దూ, సంతోషమే కాస్త ఎక్కువ.

నేను రేపల్లెలో టీచర్ని, రోజూ రైల్లో వెళ్లొస్తాను. వాకిలి నా చేతికొచ్చిన రోజు సాయంత్రం రైల్లో పల్లీలకని వంద నోటు తీస్తే, అమ్మేవాడు చిల్లర లేదండి అని వెళ్లిపోయాడు. ఏం తోచక నోటును ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూశాను. ఇన్నాళ్లూ రంగు అనుకున్నది వెంట్రుకకన్నా సన్నటి గీతలు. ఒకదాని కింద ఒకటి దూరి, చుట్టు తిరిగి, పువ్వులా విచ్చుకున్నాయి. దొంగనోట్లు వేసేవాడు దారి తప్పాలని అలా చెక్కుతారట. అచ్చం మా అత్తగారి ముగ్గే. అందులో నేనూ ఎనిమిదేళ్లుగా దారి తప్పుతూనే ఉన్నాను. తెనాలి చేరేలోపు ఆ పువ్వును కాగితం మీదికి దించేశాను.

మర్నాడు పొద్దున్నే దాన్ని వాకిట్లో పరిచాను. అత్తగారు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని చూశారు.

"బానే ఉంది. కొసలు రెండూ వీధిలోకి వదిలేశావేంటమ్మా?"

నాకు ఒళ్లు మండింది. లోపలికెళ్లి నోటు తెచ్చి, ఫోన్లో పెద్దది చేసి చూపించాను.

"దీంట్లో అలాగే ఉందండి. గీత అంచు దాకా వచ్చి ఆగిపోయింది."

ఆవిడ ఫోన్ దగ్గరికి లాక్కుని చూశారు.

"నోటు చేతులు మారాలి, ఊళ్లు తిరగాలి. దానికి కొసలుంటేనే బాగుంటుంది. వాకిలికి కుదరదమ్మా. బయల్దేరిన గీత ఇంటికి రావాలి."

చెక్కినవాళ్లు అలా అనుకున్నారో లేదో నాకు తెలియదు. మళ్లీ వంగి, కొసల్ని వెనక్కి తిప్పి, చుక్క చుక్కనూ చుట్టి మొదలుపెట్టిన చోటికి తెచ్చేసరికి నా రైలు వెళ్లిపోయింది. ఆవిడ కాఫీ పెట్టి తెచ్చారు.

నెల గడిచింది, డాక్టరు వంగొచ్చన్నారు. ఇక నా వైభోగం అయిపోయిందని దిగులుపడ్డాను. మర్నాడు లేచేసరికి ముందు వాకిట్లో కళ్లాపి చల్లి ఉంది, ముగ్గు లేదు. ముగ్గు డబ్బా గుమ్మం పక్కనే ఉంది. వెతుక్కుంటూ వెళితే ఆవిడ పెరట్లో, కొబ్బరిచిప్పలో పిండి పోసుకుని చుక్కలు పెడుతున్నారు.

"ఇక్కడేంటి అత్తయ్యా?"

"ముందు వాకిట్లో నువ్వెయ్యి. పిల్లులకి నాది చాల్లే."