వాల్వ్ విప్పి చూపించండి

2023 మే నెల. ఎండలు మండిపోతున్నాయి, వాన ఎప్పుడు పడుతుందా అని సూరత్ అంతా ఆకాశం వైపు చూస్తోంది. మా ఆఫీసులో మాత్రం వాన ఇంకొంచెం ఆలస్యంగా వస్తే బాగుండునని అందరం లోలోపల దండాలు పెట్టుకుంటున్నాం. ఇచ్ఛాపూర్ దగ్గర ఫ్యాక్టరీలకు నీళ్ళిచ్చే ఒక నీటి శుద్ధి ప్లాంటును పెద్దది చేసే పని మాది. వాన మొదలయ్యేలోగా ఫిల్టర్ హౌస్ గోడలు లేవాలి.

నేను పైపింగ్ డిజైన్ ఇంజనీర్ని. మావారి బ్యాంకు బదిలీ పుణ్యమా అని ఈ ఊరు వచ్చి ఇక్కడే పాతుకుపోయాను. పైపింగ్ అంటే బాత్రూముల్లో గొట్టాలా అని మా ఆడపడుచు ఇప్పటికీ అడుగుతుంది. కాదమ్మా అని ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. నదిలోంచి వచ్చిన బురదనీరు తేరుకుని, వడకట్టుకుని, మందు కలుపుకుని బయటపడేలోపు బోలెడన్ని గొట్టాల గుండా పోతుంది. ఏ గొట్టం ఏ ఎత్తులో వెళ్ళాలి, ఎక్కడ తిరగాలి, ఏ వాల్వ్ మనిషి చేతికి అందాలి అన్నది ముందే తేల్చడం మా పని.

అంతవరకూ మేం అన్నీ చదునుగా గీసేవాళ్ళం. పైనుంచి చూస్తే ఒకటి, నిలువుగా కోసి చూస్తే ఒకటి. ఈసారి క్లయింటు త్రీడీ మోడల్ కావాలన్నారు. మా యజమాని జిగ్నేష్‌భాయ్‌కి కొత్త వస్తువంటే చిన్నపిల్లాడి సంబరం. రెండు సాఫ్ట్‌వేర్లు ట్రయల్‌కి తెప్పించి, "మాధవీబెన్, ఏది కొనాలో మీరే తేల్చి సంతకం పెట్టండి" అన్నాడు. అంటూనే తన మనసులో ఏది ఉందో కూడా దాచుకోలేదు.

మొదటిది పెద్దది. రిఫైనరీల కోసం పుట్టింది. దాన్ని అమ్మే కంపెనీ నీరవ్ అనే ఇంజనీరును మా దగ్గరే కూర్చోబెట్టింది. తెలివైనవాడు, మర్యాదస్తుడు, చెయ్యి చురుకు. అతను మా ఫిల్టర్ హౌస్‌ను తెర మీద కట్టి, దాని లోపల మనం నడుస్తున్నట్టే చూపించాడు. జిగ్నేష్‌భాయ్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. రెండోది చిన్నది, నీళ్ళ ప్లాంట్ల కోసమే ఎవరో ఓపిగ్గా తయారు చేసింది. చూడ్డానికి దరిద్రంగా ఉండేది. రంగులు వెలిసిపోయినట్టు, గొట్టాలు కర్రముక్కల్లా. రోజుకోసారైనా మొరాయించి మూసుకుపోయేది. దాంట్లో అదే ఫిల్టర్ హౌస్‌ను నేను కట్టాలి. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చాలన్నది నా పట్టు.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. నీళ్ళ తొట్టి గోడలోంచి గొట్టం వెళ్ళాలంటే, గోడ కట్టాక కన్నం పొడవకూడదు. పొడిస్తే జన్మంతా కారుతుంది. అందుకని పడిల్ ఫ్లాంజ్ అనే గొట్టం ముక్కను ముందే ఇనుప చువ్వల మధ్య నిలబెట్టి, దాని చుట్టూ కాంక్రీటు పోస్తారు. ఆ ముక్క నడుము చుట్టూ చేతికి గాజులా ఒక ఇనుప పళ్ళెం ఉంటుంది, గొట్టం వెంబడి నీరు కారకుండా అది అడ్డుకుంటుంది. పోశాక ఇక దాన్ని అంగుళం కూడా జరపలేం. ఫిల్టర్లను కడిగే నీటి గొట్టాల కోసం మా గోడలో ఇలాంటివి నాలుగు ఉన్నాయి. కింద నేల మీద పరిచిన పెద్ద గొట్టం అప్పటికే బిగించేశారు. దాన్నుంచి ఒక్కో ఫిల్టర్‌కూ ఒక గొట్టం నిలువుగా లేచి, దారిలో ఒక వాల్వ్ దాటి, పైన వంపు తిరిగి ఈ పడిల్ ఫ్లాంజ్‌లోకి వెళుతుంది.

ఆ గోడ పోసే పని సమ్మయ్యది. కరీంనగర్ వైపు మనిషి, ఏళ్ళ తరబడి సూరత్‌లోనే, డిండోలిలో కాపురం. ఎంతకాలమో వేరేవాళ్ళ కింద సూపర్‌వైజరుగా చేశాడు. ఒకచోట డ్రాయింగు మారిందని తొట్టి గోడ పగలగొట్టి మళ్ళీ పూడ్పించారు. అది కారింది. నింద అతని నెత్తిన వేసి పంపేశారు. ఆ తర్వాత చాన్నాళ్ళు పని దొరకలేదు. తన సొంత పేరు మీద తీసుకున్న మొదటి కాంట్రాక్టు ఈ ఫిల్టర్ హౌస్. సైటుకు వెళ్ళినప్పుడల్లా కాంక్రీటు పోయడానికి నిలబెట్టిన ఆ షట్టరింగు పలకల్ని కూతురి పెళ్ళి పందిరిలా చూపించేవాడు.

గోడ పోసే రోజు పొద్దున్నే నేను ఆఫీసులో రెండు మోడళ్ళ ఎత్తులు సరిపోల్చుతున్నాను. మా ఆఫీసు కతర్‌గామ్‌లో, వజ్రాలు సానపట్టే యూనిట్ల పై అంతస్తులో. పడిల్ ఫ్లాంజ్ ఎత్తు దగ్గర రెండూ కలవలేదు. నీరవ్ మోడల్‌లో అది జానెడు కిందికి ఉంది.

మొదట నా చిన్న సాఫ్ట్‌వేర్‌నే తిట్టుకున్నాను. రోజూ మొరాయించే దాన్ని ఎవరు నమ్ముతారు? కిందనుంచి ఒక్కో ముక్కా చూసుకుంటూ వచ్చాను. అప్పుడు తెలిసింది. నా దాంట్లో వాల్వ్ పైన ఒక డిస్‌మాంట్లింగ్ జాయింట్ ఉంది, నీరవ్ దాంట్లో లేదు. అది ఒకదాంట్లో ఒకటి జారే రెండు ముక్కల గొట్టం. బోల్టులు వదులు చేస్తే ముడుచుకుని కొంచెం సందు ఇస్తుంది, ఆ సందులోంచి వాల్వ్‌ను బయటికి లాగుతారు. రిఫైనరీలో దాని అవసరం అంతగా పడదు. అక్కడ పొడవాటి స్టీలు గొట్టాలు, కాస్త జరుపుకోవచ్చు, కోసి మళ్ళీ వెల్డింగు చేసుకోవచ్చు. మావి పోత ఇనుప గొట్టాలు. ఒక కొస నేలలో, ఇంకో కొస గోడలో బిగుసుకుని ఉంటాయి. ప్లాంటు మొత్తాన్ని గీతల్లో చూపే మా మొదటి డ్రాయింగులో ఈ జాయింట్ కనపడదు. అడిగితే వేసేది కాదు, కూరలో ఉప్పులా మా చేతికి అలవాటు. నీరవ్ ఆ డ్రాయింగు చూసి కట్టాడు. అతని సాఫ్ట్‌వేర్ క్యాటలాగులో, అంటే విడిభాగాల జాబితాలో, ఆ ముక్కే లేదు.

దిద్దుకోవచ్చులే అనుకుంటూ నీరవ్‌కి చూపించాను. అతని మొహం మారింది.

"మేడం, పడిల్ ఫ్లాంజుల డ్రాయింగు నా మోడల్‌లోంచే సైటుకు వెళ్ళింది. జిగ్నేష్‌భాయ్ తీసుకెళ్ళారు. త్రీడీ డ్రాయింగుతోనే గోడ పోస్తున్నామని క్లయింటుకు చూపిస్తామన్నారు."

నేను చూడని డ్రాయింగుతో గోడ పోస్తున్నారు. సమ్మయ్యకు ఫోన్ చేశాను.

"సమ్మయ్యా, పోత ఆపండి. ఫ్లాంజుల ఎత్తు తప్పు."

"ఏంది మేడం? కాంక్రీట్ బండ్లు తొవ్వల ఉన్నయ్. డ్రాయింగ్ మీ ఆఫీసుకెళ్లే వచ్చింది గద!"

"వచ్చింది. అదే తప్పు."

"గిట్ల జేస్తే ఎట్ల మేడం? సేఠ్ చెప్తే ఆపుత. మీ మాట మీద ఆపితే రేపు నన్నే అంటడు."

అతను అన్నదాంట్లో తప్పేముంది? జిగ్నేష్‌భాయ్‌కి చేశాను. క్లయింటు ఇంజనీరుతో కలిసి కారులో సైటుకే వెళుతున్నాడు. "బెన్, ఇప్పుడా చెప్పేది? గోడ ఆగదు. అక్కడికి రండి, మాట్లాడదాం" అని పెట్టేశాడు.

నీరవ్‌ని లాక్కుని బయల్దేరాను. తాపీ నది వంతెన మీద లారీల వెనక ఇరుక్కుపోయాం. నీరవ్ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని హిందీలో అదే మాట తిప్పి తిప్పి అంటున్నాడు. "మేడం, జీరో క్లాష్ వచ్చింది. ఒక్క గొట్టం కూడా ఇంకోదానికి తగల్లేదు." తగలకపోవడం ఒకటేనా పని అని కసిరాను. పాపం, అతని తప్పు అతనికి నిజంగా కనపడటం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. కనపడని తప్పును పక్కవాళ్ళకు ఎలా చూపించాలి? అవతల ఒక్కో నిమిషానికీ బండ్లు దగ్గర పడుతున్నాయి.

మేం వెళ్ళేసరికి మొదటి బండి గేటు లోపల గిర్రున తిరుగుతోంది. పంపు గొట్టం గోడ మీదికి ఎత్తి పట్టుకుని కూలీలు సిద్ధంగా ఉన్నారు. సమ్మయ్య నా వంక చూడలేదు. జిగ్నేష్‌భాయ్ తెల్ల చొక్కా, హెల్మెట్టు, మొహం నిండా నవ్వు. పక్కన క్లయింటు ఇంజనీరు, జుట్టు నెరిసిన పెద్దమనిషి.

"రండి బెన్. పోత మొదలవుతోంది," అన్నాడు జిగ్నేష్‌భాయ్. అంటూ కళ్ళతోనే నన్ను నోరు మూసుకోమన్నాడు.

నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. సిమెంటు బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టించాను. "నీరవ్, కడిగే గొట్టం మీది వాల్వ్ చెడిపోయింది అనుకో. విప్పి చూపించు."

అతను వాల్వ్ మీద నొక్కాడు. వాల్వ్ మాయమైంది. జిగ్నేష్‌భాయ్ గర్వంగా క్లయింటు వైపు చూశాడు.

"అలా కాదు," అన్నాను. "మాయం చెయ్యడం కాదు. బోల్టులు తీశావు. ఇప్పుడు దాన్ని పక్కకి లాగాలి. కింద గొట్టం నేలలో ఉంది, పైన వంపు గోడలో ఉన్న ముక్కకు బిగించి ఉంది. వాల్వ్ రెంటి మధ్యా నొక్కుకుపోయి ఉంది. ఎటు లాగుతావు?"

నీరవ్ వాల్వ్‌ను వెనక్కి తెచ్చాడు. కొంచెం కుడికి జరిపాడు. తెర మీద ఎర్రగా వెలిగింది. ఎడమకి జరిపాడు. మళ్ళీ ఎరుపు. ట్రయల్ మొదలయ్యాక ఆ మోడల్‌లో మొదటి క్లాష్ అది.

క్లయింటు ఇంజనీరు కళ్ళజోడు పైకి తోసుకుని మెల్లగా అడిగాడు. "మరి రేపు అది నిజంగా చెడిపోతే ఏం చేస్తాం?"

"గోడ పగలగొడతాం," అన్నాను.

అందరం హిందీలో మాట్లాడుకుంటున్నాం. సమ్మయ్య అప్పటిదాకా మాకు వీపు పెట్టి పంపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆ మాట చెవినపడగానే గిరుక్కున తిరిగాడు.

"గోడ పగలగొట్టుడా?" అన్నాడు నాతో తెలుగులో. "ఏ గోడ మేడం, గీ గోడనా?"

"ఇదే సమ్మయ్యా. ఈరోజు పోస్తే ఏదో ఒక రోజు పగలగొట్టాలి."

అతను ఇంకెవర్నీ అడగలేదు. సేఠ్ వంక కూడా చూడలేదు. పంపు మీదున్నవాడికి చెయ్యి ఊపి, "బంద్ కర్!" అని అరిచాడు. నీళ్ళలో కలిపే మందుల గోదాముకు నేల పోయాల్సి ఉంది, బండ్లన్నీ అటు తిప్పమన్నాడు. కాంక్రీటు గట్టిపడేలోగా ఎక్కడో ఒకచోట పోయాలి కదా. జిగ్నేష్‌భాయ్ గొంతు పెంచాడు. "ఎవరిని అడిగి ఆపావు?"

సమ్మయ్య హిందీలో జవాబిచ్చాడు, ఆ హిందీలోనూ అతని యాసే. "సేఠ్, ఒక్కసారి పగలగొట్టిన. అండ్ల నా పేరు పోయింది. గిప్పుడు ఇంకోపారి నాతోని గాదు. కావాలంటే నన్ను తీసెయ్యుండ్రి."

జిగ్నేష్‌భాయ్ మొహం ఎర్రబడింది. ఆ క్షణంలో ఏమైనా జరిగేదే. క్లయింటు ఇంజనీరు అడ్డొచ్చి, "ఆపడమే మంచిది. గోడ రేపైనా పోసుకోవచ్చు" అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చాక మా యజమాని హెల్మెట్టు తీసి తల తుడుచుకున్నాడు.

ఆపితే సరిపోదు. జానెడు పైకి జరిపితే ఆ గొట్టం ఫిల్టర్ అడుగున ఉన్న నీటి గదిలోకి సరిగ్గా తెరుచుకుంటుందా, లేక ఆ గది పైకప్పుకు తగులుతుందా? అక్కడే ఆ బస్తాల మీద కూర్చుని లెక్క చూశాను. చుట్టూ నిలబడినవాళ్ళ నీడలు కాగితం మీద పడుతున్నాయి. ఒకసారి చూసి, నమ్మకం లేక మళ్ళీ చూశాను. సరిపోయింది. బొటనవేలంత సందు మిగిలింది.

షట్టరింగులో పాత కన్నాలు పూడ్చి, కొత్తవి కోసి, చువ్వలు మళ్ళీ కట్టి, సమ్మయ్య మనుషులు నాలుగు ఫ్లాంజులనూ పైకి జరిపారు. ఈలోగా పడమటి నుంచి మబ్బులు పట్టాయి. గోడ పోస్తున్నంతసేపూ అతను ఒక కన్ను టేపు మీద, ఒక కన్ను ఆకాశం మీద పెట్టాడు. గోడ గట్టిపడి పలకలు ఊడదీశాకే వాన పడింది. ఆ వానలో తడుస్తూ నాకు ఫోన్ చేసి, కాసేపు నవ్వి పెట్టేశాడు.

జిగ్నేష్‌భాయ్ కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నాడు. చివరికి తనే వచ్చి, "అయితే ఆ వికారపుదే కొందామంటారా?" అన్నాడు. అదే కొన్నాం. ఇప్పటికీ మొరాయిస్తుంది, ఇప్పటికీ తిట్టుకుంటాను. నీరవ్ వెళ్ళేముందు నీళ్ళ ప్లాంటుల్లో వాడే ముక్కలన్నీ నాతో చెప్పించుకుని రాసుకున్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అతని సాఫ్ట్‌వేర్ మీదా లేదు. అది పుట్టిన ఇల్లు వేరు, అంతే.

ఆ తర్వాత ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చినా, లోపల నడిచి చూపిస్తామంటే నేను వద్దంటాను. "ముందు ఒక వాల్వ్ విప్పి చూపించండి" అంటాను. బిగించడం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా వచ్చు. విప్పేవాడు ఒకడు రేపు వస్తాడని దానికి తెలుసా లేదా అన్నదే నేను చూస్తాను.

మొన్నీమధ్య సమ్మయ్య ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆ ప్లాంటులో మరమ్మతు పనులు కూడా అతనివే.

"మేడం, మూడో ఫిల్టర్ వాల్వ్ రబ్బర్ పోయింది. ఇయ్యాల విప్పినం."

"వచ్చిందా?"

"మఖ్ఖన్ లెక్క అల్కగ వచ్చింది మేడం."

విప్పిన వాల్వ్ ఫొటో పంపమన్నాను. వెంటనే పంపాడు. అందులో వాల్వ్ ఎక్కడా లేదు. గోడ ఉంది, పైనుంచి కిందిదాకా, చుక్క తడి లేకుండా.